అద్దం మీద ఒక్కసారి

మూడు బీపులు కొడుతుంది. నాలుగోది కొట్టదు. కొట్టని ఆ నాలుగోదాని మీద మాట పడాలి, అదీ ఈ డబ్బింగు పనిలో ఉన్న కిటుకు. గాఢనిద్రలో లేపి మూడు బీపులు వినిపించినా నాలుగోదాని మీద ఆవిడ నోరు దానంతటదే తెరుచుకుంటుంది, ఇన్నేళ్ళ అలవాటు మరి. అలాంటిది ఇవాళ భోజనాల వేళ దాటినప్పటినుంచీ ఒక్క మాట, "మరి, ఉంటాను" అనే ఇంతోటి మాట, ఎవరైనా ఎవరితోనైనా గుమ్మం దిగుతూ అనేసే మాట, గొంతులో మొండికేసుకుని కూర్చుంది. తెర మీద ఆ పిల్ల మళ్ళీ వచ్చి నిలబడింది. ఎన్నిసార్లు నిలబడిందో పాపం. అదే స్టేషను, అదే బూడిదరంగు కోటు, పై బొత్తాం ఊడిపోయి వేలాడుతున్న అదే దారం, ఎదురుగా రైలు మెట్టు మీద ఆ అబ్బాయి. ఊరుగాని ఊళ్ళో, దేశంగాని దేశంలో, ఇద్దరూ ఒక్క పగలు కలిసి తిరిగారు. పేర్లు చెప్పుకోలేదు, మళ్ళీ కలుద్దామని అనుకోలేదు. సినిమా అంతా ఆ ఒక్క పగలే. ఇప్పుడు రైలు కదలబోతోంది, పిల్ల పెదవులు ఒకసారి మూసుకుని తెరుచుకుంటాయి, ఆ మూసుకున్న చోట 'మ' పడాలి. పడింది. పెదవికి మాట అతికినట్టు సరిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు హెడ్‌ఫోన్సులో డబ్బింగ్ డైరెక్టరు గొంతు వినిపించింది, విసుగు బయటపడకుండా జాగ్రత్తపడుతూ: "బాగుందక్కా. కానీ ఎందుకలా అరుస్తున్నారు? అబ్బాయి పక్కనే ఉన్నాడుగా."

అరుస్తున్నానా? నేనా? ఆవిడకి నవ్వొచ్చింది. ఈ గొంతుకి పేరొచ్చిందే గుసగుసకి. హీరోయిను దుప్పట్లోంచి మాట్లాడాలన్నా, ఆస్పత్రి మంచం పక్కన మాట్లాడాలన్నా ఆవిణ్ణే పిలుస్తారు, అరుపులకి వేరేవాళ్ళున్నారు. ఆ గుసగుసంటే చెవికోసుకునేవాళ్ళు ఎంతమందో. అలాంటి తను అరవడమా? అరుస్తూనే ఉంది మరి. ఏడాదిగా ఇంట్లో అరుస్తూనే ఉంది. నీళ్ళు కాగాయి అని అరుస్తుంది, ఎవరో తలుపు కొడుతున్నారు అని అరుస్తుంది, కోపం కాదండీ మామూలుగానే చెబుతున్నాను అని కూడా అరిచే చెబుతుంది. ఇంట్లో గొంతుని ఇంట్లోనే వదిలి వస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ, అది కాస్తా చెంగు పట్టుకుని వెనకాలే వచ్చి మైకు ముందు కూర్చుంది. రాకేం చేస్తుంది, ఆ గొంతు ఎవరికోసమో ఆయన ఇవాళ ఇక్కడే ఉంటే. అద్దం అవతల గదిలో మూడు కుర్చీలు. ఒకదాంట్లో డైరెక్టరు, ఒకదాంట్లో రికార్డింగు ఇంజనీరు, మూడోదాంట్లో ఆవిడ మొగుడు. చొక్కా బొత్తాలన్నీ మెడదాకా పెట్టుకుని, ఉద్యోగం అడగడానికి వచ్చినవాడిలా ఒద్దిగ్గా కూర్చుని, తలకి హెడ్‌ఫోన్సు తగిలించుకుని, అవెక్కడ జారిపోతాయో అన్నట్టు రెండు చేతులతో రెండు చెవులకీ అదుముకుని. ఇందాక ఇంజనీరు చప్పుడు పెంచుతూ పెంచుతూ, "ఇంకా పెంచితే చెవులు పోతాయి సార్" అన్నాడు. "పోయినవాటికి ఇంకేం పోతాయి బాబూ, పెంచెయ్" అన్నాడీయన. నవ్వాలో నవ్వకూడదో తెలియక ఇంజనీరు ఆవిడకేసి చూశాడు. నవ్వెయ్ నాయనా, మేం నవ్వుతున్నాంగా, అన్నట్టు ఆవిడ తలూపి లోపలికొచ్చి తలుపు వేసుకుంది.

కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది పోతోంది. ఆయనది లిఫ్టుల పని. మేడల నెత్తిన ఉండే ఇరుకు గదుల్లో, హోరుమనే మోటార్ల పక్కన నిలబడి, ఇనుప డబ్బాకి చెవి ఆనించి, ఎక్కడ అరిగిందో ఎక్కడ బిగిసిందో వినేవాడు. లిఫ్టు గుండె వింటున్నానోయ్ అనేవాడు. విని విని, ఆ చెవులనే ఖర్చుపెట్టేశాడు. పోయిన నెల పరీక్షకి తీసుకెళ్తే అక్కడా ఇలాంటి గదే, ఇలాంటి అద్దమే. తేడా ఏమిటంటే లోపల ఆయన, బయట తను. పరీక్ష చేసే అమ్మాయి ఒక మీట నొక్కుతుంది, నొక్కినప్పుడల్లా బల్ల మీద చిన్న దీపం వెలుగుతుంది, అంటే లోపల ఆయన చెవిలో బీప్ మోగిందన్నమాట. మోగితే ఆయన చేతిలో ఉన్న బొత్తాం నొక్కాలి. మొదట్లో చకచకా నొక్కాడు. తర్వాత దీపం వెలిగింది, ఆయన నొక్కలేదు. మళ్ళీ వెలిగింది, నొక్కలేదు. బొటనవేలు బొత్తాం మీదే పెట్టుకుని, ఇదిగో రెడీ, మీదే ఆలస్యం అన్నట్టు నవ్వుతూ కూర్చున్నాడు. నొక్కండి, నొక్కండి, మోగుతోంది, అని అద్దం బద్దలయ్యేలా అరవాలనిపించింది ఆవిడకి. బీపు మీద బతికిన మనిషి తను, తన బీపు ఆయనదాకా చేరడం లేదు. డాక్టరు మంచివాడే, ఉన్నంతకాలం ఉంటుందమ్మా, ఎంతకాలమని మాత్రం నన్నడక్కు, అన్నాడు. తిరిగి వస్తూ బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూ చూస్తూ, "ఒకసారి నీ స్టూడియోకి వస్తానోయ్" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అడగని మాట.

అడగడెందుకంటే రానివ్వదు గనక. స్టూడియోకి ఇంట్లోవాళ్ళు రాకూడదన్నది ఆవిడ పెట్టుకున్న రూలు. చప్పుడు చొరకుండా గుడ్డలు కప్పిన గోడల మధ్య ఒంటరిగా నిలబడి, నువ్వు లేకపోతే నేను లేను, అనాలి గాలితో. అవతలి మగాడైనా అక్కడుంటాడా అంటే ఉండడు, ఆయనగారు పొద్దున్నే వచ్చి తన ముక్కలు తను చెప్పేసుకుని టీ తాగి పోయుంటాడు. ఇద్దరి గొంతులూ ఎంత గాఢంగా ప్రేమించుకున్నా మనుషులు మెట్ల మీద ఎదురుపడితే నమస్కారాలు పెట్టుకుంటారంతే. ఇదంతా కట్టుకున్నవాడు చూస్తే ఇంకేమైనా ఉందా, నవ్వు ఆగుతుందా? అందుకని ఆయన రోజూ సాయంత్రం గుమ్మంలోనే పట్టుకునేవాడు: "ఇవాళ ఎవణ్ణి ప్రేమించావ్?" ఒక పోలీసాఫీసర్ని, అనేది చెప్పులు విప్పుతూ. "మంచివాడేనా?" మీకంటే నయం. "అయితే అన్నం అక్కడే తినేసి రాకపోయావా." ఇలా సాగేది, కూర వేగేదాకా సాగేది. ఆయన వసపిట్ట. గోడతో అయినా మాట్లాడతాడు, బల్బు మారుస్తూ బల్బుతో మాట్లాడతాడు. అలాంటి మనిషి ఈమధ్య తగ్గిపోయాడు. ఏదన్నా అని, జవాబు వినబడక, రెండోసారి అడగడానికి మొహమాటపడి, ఊరికే నవ్వేసి ఊరుకుంటున్నాడు. పోయిన వారం గుమ్మంలోకి రాలేదు, కుర్చీలోంచే చెయ్యి ఊపాడు. ఎవణ్ణి ప్రేమించావని అడగలేదు. ఆవిడ చెప్పులు విప్పుకుంటూ కాసేపు అక్కడే నిలబడింది, అడుగుతాడేమోనని. చెవులు పోతే పోయాయి, ఆ వాగుడు కూడా వాటి వెంటే పోతుందేమో, ఇల్లంతా మూగబోతుందేమో. అదీ ఆవిడ భయం. అందుకే రూలు గట్టున పెట్టి రమ్మంది. చెవిలో ఇంకా ఇంత ప్రాణం ఉండగానే, తన గొంతు, అరిచే గొంతు కాదు, తన అసలు గొంతు, ఒక్క మాట ఆయన చెవిన పడాలి.

"రేపు పెట్టుకుందామా అక్కా, ఈ ఒక్క ముక్క?" డైరెక్టరు. "వద్దు, ఇవాళే చెప్పేస్తా. కాస్త గొంతు తడుపుకోనీ." గోరువెచ్చని నీళ్ళు, మూత సరిగా పట్టని ఫ్లాస్కు, మైకు ముందు స్టాండు మీద డైలాగు కాగితం, దాని మీద ఎవరో టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక. తెర మీద పిల్ల నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయి ఉంది. ఆ కోటు ఏమిటమ్మా అంత వదులు? ఎవరిదైనా అడిగి తెచ్చుకున్నావా? నాదీ అడిగి తెచ్చుకున్నదే. మేనమామ పెళ్ళాం, అత్తయ్య ఇచ్చింది, చలికి చచ్చిపోతావే పిల్లా అని. మడమలదాకా వేలాడుతుండేది. మేనమామకి ఇలాంటి చలిదేశంలోనే ఉద్యోగం. మేనకోడలి గొంతులో రెండు బుడిపెలు లేచాయని, మాట చీరుకుపోతోందని, ఇంకిన్నాళ్ళు ఇలాగే మాట్లాడితే గొంతు మీద ఆశ వదులుకోవలసిందేనని తెలిసి, రావే, ఇక్కడ పేరున్న డాక్టరున్నాడు, చూపిద్దాం, అన్నాడు. అప్పటికింకా అక్క కూడా కాదు తను, కొత్తపిల్ల, అరా కొరా వేషాలకి గొంతిచ్చేది. డాక్టరు ఆపరేషను చేసి, వేలు చూపించి, మాట్లాడకూడదు అన్నాడు. గుసగుస అసలే కూడదు, అది అరుపుకన్నా చెడ్డది అన్నాడు. రాసి చూపించుకోమని చిన్న పలక ఒకటి చేతికిచ్చాడు, బడిపిల్లకి ఇచ్చినట్టు. మామయ్య పనుండి ముందే తన ఊరు వెళ్ళిపోయాడు. పెట్టె మీద తన ఇంటి అడ్రసు కట్టి, తర్వాతి రైలెక్కి వచ్చెయ్ అన్నాడు. ఎక్కింది. ఆ రైలు వానలో ఎక్కడో పట్టాలు మునిగాయని దారిలో ఒక చిన్న స్టేషన్లో దించేసింది.

ఆ గది, చెక్క బెంచీలు, తడిసిన గొడుగుల వాసన, కిటికీ అద్దాల మీద ఆవిరి. ఎదురు బెంచీ మీద ఒకడు. నూనె మరకల చేతులు, పనిముట్ల సంచీ, ఒడిలో కాగితం పొట్లం, పొట్లంలో బన్ను. బన్నుని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఇటు చాపి, అక్కడి భాషలో ఏదో అడిగాడు. తను వాడి పెదవులకేసి చూసింది. అదేం రోగమో, పెదవులు చూడటం ఈ పనివాళ్ళకి పట్టే రోగం. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడం, నోట్లోకి చూస్తాం. ఎక్కడ మూసుకుంది, ఎక్కడ తెరుచుకుంది, ఏ అక్షరం పడుతుంది అని. పెద్దవాళ్ళ మొహంలోకి చూసి మాట్లాడవే అని అమ్మ ఎన్నిసార్లు మొట్టికాయ వేసిందో. పెదవులు చూస్తూ, గొంతుకి చుట్టుకున్న గుడ్డ ముట్టుకుని, తల అడ్డంగా ఊపింది, మాట్లాడలేను అన్నట్టు. వాడు ఆ చూపు చూశాడు, ఆ గుడ్డ చూశాడు. పెద్దగా నోరు తెరిచి, చేతులు తిప్పుతూ, తినండి అన్నట్టు సైగ చేసి, బన్ను ముక్క చేతిలో పెట్టి, వెనక్కి జారగిలబడి, అప్పుడన్నాడు: "అయ్యో పాపం, చెవుడూ మూగా అనుకుంటా." మన మాటల్లో! అచ్చంగా మనింట్లో అన్నట్టు! ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. నోరు తెరవబోయి డాక్టరు వేలు గుర్తొచ్చి మూసుకుని, గబగబా సంచీలో చెయ్యి పెట్టింది, పలక తీసి, నేనూ మీవాళ్ళనే అని రాద్దామని. పలక చేతికి తగిలింది కూడా. ఈలోపు వాడు, "చూడ్డానికి మాత్రం చక్కగా ఉంది మహాతల్లి. కోటే, చచ్చిపోయినాయనది ఎవరిదో తొడుక్కొచ్చినట్టుంది" అన్నాడు. ఇంకేం తీస్తుంది పలక? ఇలాంటి మాట అన్నాక, నాకు వినబడింది మహానుభావా అని ఏ ఆడపిల్ల రాసి చూపిస్తుంది? చెయ్యి వెనక్కి తీసుకుని బన్ను తినడం మొదలుపెట్టింది.

వాన ఆగదు, రైలు రాదు, వాడి నోరు మూతపడదు. పాపం, నెలల తరబడి మన మాట మాట్లాడే మనిషి దొరకలేదట. కంపెనీవాళ్ళు లిఫ్టుల పని నేర్చుకు రమ్మని పంపారట. ఇంటికి ఫోను చేస్తే అమ్మ, తిన్నావా, అని తప్ప రెండో మాట అడగదట. తిన్నానని చెప్పేసరికి మాటలైపోతాయట, ఇద్దరూ ఫోను పట్టుకుని ఊపిరి వింటుంటారట. ఎవరికో చెబుతున్నట్టు కాదు, ఊరికే, చెట్టుకి నీళ్ళు పోసినట్టు మాట్లాడాడు, వెలిసిపోయిన మాటలన్నీ బయటికి తీసి దులిపి ఎండేసినట్టు మాట్లాడాడు. తను బన్ను కొరుకుతూ పెదవులు చూస్తోంది. అంత చూసినా ఆ పెదవుల మీద ఒక్క అబద్ధం కనబడలేదు. తర్వాత లేచి కిటికీ దగ్గరికెళ్ళి, ఇటు వీపు పెట్టి, ఆవిరి తుడిచి బయటికి చూస్తూ, "ఆ స్టేషన్ మాస్టరు టోపీలో కోడి గుడ్లు పెట్టొచ్చు. ఆయన ఈల వేస్తే రైలు రాదు గానీ కోడి వస్తుంది" అన్నాడు. ఏమంత గొప్ప జోకని? కానీ ఎన్నాళ్ళయింది మన మాటల్లో ఒక జోకు విని. నవ్వకూడదని కూడా అన్నాడు డాక్టరు. అందుకని తను నోరు రెండు చేతులతో మూసుకుని, భుజాలు ఎగరేసుకుంటూ, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. వాడు చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి, చలికి అనుకుంది. వచ్చి కూర్చుని, ఈసారి ఎందుకో కాస్త నెమ్మదిగా, కాళ్ళకేసి చూసుకుంటూ, "నాకు లిఫ్టంటే భయమండీ" అన్నాడు. "బాగు చేస్తాను. ఎక్కను. తలుపులు మూసుకుంటే ఊపిరాడదు. కంపెనీలో ఎవరికీ తెలీదు, మెట్లెక్కితే ఆరోగ్యం అని కబుర్లు చెబుతుంటాను. ఎవరితోనూ అనలేదిది." అప్పుడు, సరిగ్గా ఆ మాట దగ్గర, ఆవిడ మనసు కాస్తా అటు జారిపోయింది. ఆ నూనె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. పట్టుకుంటే విన్నట్టు తెలిసిపోదూ.

ఎర్రదీపం. మూడు బీపులు. నాలుగోదాని మీద "మరి, ఉంటాను" అంది, చివరి అక్షరం తడిసి ముద్దయి జారింది. కట్. "ఏడుపొద్దక్కా" అన్నాడు డైరెక్టరు, ఈసారి నిజంగానే మెత్తగా. "ఈ పిల్ల గదికెళ్ళి ఏడుస్తుంది. ఇక్కడ ఏడవదు." నిజమే, ఏడవదు. నాకు తెలియదా ఈ పిల్ల సంగతి. అద్దం అవతల మూడో కుర్చీలో ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు, భలే చెప్పావోయ్ అన్నట్టు. డైరెక్టరు బాగాలేదన్నది ఆయనకి వినబడలేదు. వినబడినా అలాగే ఎత్తుతాడు, ఆ మనిషికి పక్షపాతం ఎక్కువ. పెళ్ళయిన కొత్తల్లో ఎవరో హీరోయిను ఎదురైతే, మా ఆవిడ గొంతు మీకు బాగా నప్పిందండీ అని మెచ్చుకుని వచ్చిన ఘనుడు. తమ కూతురు పుట్టిన రోజున, నొప్పులతో చక్రాల మంచం మీద పడుకోబెట్టి లిఫ్టులో తోస్తుంటే, మెట్లెక్కి రండి అని ఎంత చెప్పినా వినకుండా తనూ లోపలికొచ్చి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, చెమటలు కక్కుతూ, ఆవిడ చెయ్యి పట్టుకుని, పై అంతస్తు వచ్చేదాకా ఆ లిఫ్టు ఏ కంపెనీదో, దాని తీగ ఎంత లావో చెబుతూనే ఉన్నాడు. నర్సు నవ్వింది. నొప్పుల్లో ఉండి తనూ నవ్వింది. ఇప్పుడు వంటింట్లో పొద్దున్నే పాఠాలు. ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, గొంతు లేకుండా పెదవులు కదిపి, ఏమన్నానో చెప్పండి అంటుంది. మామ, పాప, బాబా, పెదవి మీద మూడూ ఒకలాగే ఉంటాయి, ముందు వెనకలు చూసి పోల్చుకోవాలి, అని నేర్పుతుంది. ఆయన మొద్దు విద్యార్థి. "నువ్వు ఏమన్నా నాకు తిడుతున్నట్టే కనిపిస్తుందోయ్" అంటాడు. తిడుతున్నాననే అంటుంది. అది మాత్రం వెంటనే పోల్చుకుంటాడు.

రైలు వచ్చింది ఆరోజు. తన పెట్టె వాడే మోసి, లోపల పెట్టి, దిగి, కిటికీ ఎదురుగా నిలబడ్డాడు. చలి దేశపు రైలు, కిటికీకి రెండు పొరల అద్దం, తెరుచుకోదు, చప్పుడు అటుదిటు రాదు, ఇటుదటు పోదు. ఇప్పుడు చెప్పాలి. ఏం చెప్పాలి? ఉంటాను మరి, అనాలి. అత్తయ్య కోటు బాగుండదని నాకూ తెలుసు, అనాలి. మెట్లెక్కితే తప్పేం లేదు, అనాలి. ఇదే కదమ్మా నువ్వు ఆ కోటులో నిలబడి అంటున్నది, ఇప్పుడు గొంతుండీ నేను చెప్పలేకపోతున్నది. అప్పుడు వాడు అద్దానికి దగ్గరగా జరిగి, పెదవులు కదిపాడు. గొంతు లేదు, పెదవులే. ప్రపంచంలో ఇంకెవరైనా అయితే, ఏమంటున్నాడో ఏమో అని చెయ్యి ఊపేసి ఊరుకునేవాళ్ళు. తను చదివింది, ఒక్కో అక్షరం: మీకు వినబడింది కదూ. మీరు నవ్వడం కిటికీ అద్దంలో చూశాను. విన్నట్టయితే అద్దం మీద ఒక్కసారి తట్టండి. అంటే, లిఫ్టు భయం సంగతి చెప్పేటప్పటికి వాడికి తెలుసన్నమాట. తెలిసే చెప్పాడన్నమాట. చెవుడని కాదు, తనని నమ్మి చెప్పాడన్నమాట! సిగ్గుతో తలకాయ కోటులోకి దూర్చేసుకోవాలనిపించింది, వేలేమో దానంతటదే మడత పడి అద్దం మీద ఒక్కసారి తట్టింది. చప్పుడు వాడికి చేరలేదు. వాడి మొహం మాత్రం వెలిగిపోయింది. రైలు కదిలింది. ఈ సినిమావాళ్ళయితే అక్కడే ఆపేసి పేర్లు వేసేసేవారు. వాళ్ళ పిల్లకి పెట్టె లేదు, తనకుంది, పెట్టె మీద మామయ్య అడ్రసు ఉంది, మోసినవాడికి కళ్ళున్నాయి. గొంతుకి స్వేచ్ఛ వచ్చిన రోజు పొద్దున మామయ్యా వాళ్ళ బెల్లు మోగింది. తనే తలుపు తీసింది. ఐదో అంతస్తు. వాడు గోడకి చెయ్యి ఆనించి, వగరుస్తూ, నోట మాట రాక నిలబడ్డాడు, ఆ వసపిట్ట. అందుకని ముందు తనే మాట్లాడవలసి వచ్చింది. ఆపరేషను తర్వాత నోటివెంట వచ్చిన మొట్టమొదటి మాట, దాచుకుని దాచుకుని తెచ్చిన గొంతుతో, "లిఫ్టుందిగా" అంది. ఆ మాటకి వాడు మెట్ల మీద కూలబడి నవ్విన నవ్వు మామయ్య ఇప్పటికీ చెబుతాడు.

"రెడీనా అక్కా?" రెడీ. ఆవిడ చెప్పులు విప్పేసి వట్టికాళ్ళతో నిలబడింది. గట్టిగా అంటే ఆయనకి వినబడుతుంది, మాట మాత్రం ఈ పిల్లది కాకుండా పోతుంది. మెల్లిగా అంటే పిల్లదవుతుంది, ఆయనకి చేరదు. ఎంత మీట తిప్పినా చేరదు, ఆ బీపులాగే, దీపం వెలుగుతుంది, ఆయన నవ్వుతూ కూర్చుంటాడు. మధ్యాహ్నం నుంచీ ఈ రెండిటి మధ్యే కదూ నలుగుతోంది తను. అయినా అద్దానికి అరుపెందుకు? ఆరోజు గొంతుండి ఉంటే మాత్రం అరిచేదా? ఆ రెండు పొరల ముందు అరిచినా ఒకటే, గుసగుసలాడినా ఒకటే. ఏ గొంతు విని వచ్చాడని వాడు ఐదంతస్తులు ఎక్కి? గొంతే వినకుండా వచ్చాడు. ఆవిడకి ఒళ్ళు ఒక్కసారి తేలికపడింది. రికార్డయ్యేది రికార్డవుతుంది, ఇది మాత్రం ఆరోజుది, ఆరోజు బాకీపడిపోయిన మాట, అనుకుంది. దీపం. బీప్. బీప్. బీప్. పిల్ల పెదవులు మూసుకున్నాయి, ఆవిడవీ మూసుకున్నాయి. "మరి, ఉంటాను" అంది, అద్దం మీద ఆవిరి పట్టేంత, అంతకుమించి కాదు. అరుపు లేదు, ఏడుపు లేదు, చివర్న ఇంత నవ్వు మాత్రం ఉంది, అది కాగితంలో లేదు. రైలు కదిలింది, తెర నల్లబడింది.

"ఇదీ!" అన్నాడు డైరెక్టరు హెడ్‌ఫోన్సులో. "ఇదీ అక్కా, ఓకే!" ఆవిడ వినీ విననట్టు మూడో కుర్చీకేసి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. హెడ్‌ఫోన్సు బల్ల మీద పడి ఉన్నాయి. ఏమీ వినబడక విసిగి లేచిపోయాడు, కారిడార్లో ఎక్కడో ఒంటరిగా నిలబడి ఉంటాడు, ఎంత పని చేశాను, ఒక్క మాట, ఒక్క మాట గట్టిగా అనుంటే ఏం పోయింది, అనుకుంటుండగా కనిపించాడు. ఎక్కడికీ పోలేదు. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. హెడ్‌ఫోన్సు ఎప్పుడు తీసేశాడో, ఎప్పుడు లేచి వచ్చాడో, కళ్ళలోకి చూడటం లేదు, ఆవిడ పెదవులకేసే చూస్తున్నాడు. ఆ మొద్దు విద్యార్థి పెదవులు కదిపాడు, గొంతు లేకుండా, ఒక్కో అక్షరం: మరి, ఉంటాను. మ దగ్గర పెదవులు చక్కగా మూశాడు. తర్వాత వేలు మడిచి అద్దం మీద ఒక్కసారి తట్టాడు. చప్పుడు ఇటు రాలేదు.

"అక్కా," అన్నాడు ఇంజనీరు కంగారుగా, "సార్ అద్దం కొడుతున్నారు. ఏమన్నా కావాలేమో చూడమంటారా?"

"ఏం వద్దులే," అంది ఆవిడ, తన మామూలు గొంతుతో. "విన్నానని చెబుతున్నారు."